నిలబడి పోయే చుట్టం

శవాన్ని శ్మశానానికి తీసుకుపోయేటప్పుడు సగం దారిలో ఒకచోట కిందికి దించుతారు. దింపుడు కళ్ళెం అంటారు దాన్ని. ప్రాణం ఏ మూలనైనా మిగిలి ఉంటే పలుకుతుందేమోనని, అయినవాళ్ళు చెవి దగ్గర వంగి మూడుసార్లు పిలవాలి. మా పెద్దమ్మ పోయినప్పుడు ఆ పిలిచే పని నాకు పడింది. ఆమెకు పిల్లలు లేరు. ప్రొద్దుటూరులో మా వీధి దాటి, పెన్నేటికి దిగే బాట మొదట్లో పాడె దించారు. నేను వంగి "పెద్దమ్మా" అని మూడుసార్లు పిలిచి లేచాను. పాడె ఎత్తమన్నాను.

ముందు కొమ్ము పట్టుకున్న మా చిన్నాన్న కదల్లేదు.

"కొంచేపు ఉండనీప్పా. ఆయమ్మకు ఆగడమంటే ఇష్టం. ఇప్పుడే దించి ఇప్పుడే ఎత్తితే బాగుండదు" అన్నాడు.

వెనక కొమ్ము పట్టుకున్నాయన అదీ నిజమేనని బీడీ ముట్టించాడు. అటుగా వస్తున్న కట్టెల బండి ఆయన ఎద్దుల్ని నిలిపి, ఎవరు పోయారని అడిగాడు. చెబితే దిగివచ్చి దండం పెట్టుకున్నాడు.

"ఆయమ్మనా? దసరప్పుడు మా ఇంటికొచ్చి ఒక మాట సగం చెప్పి పాయ. మా ఆడోళ్ళు ఇంగా దానికోసరం కాసుకోని ఉండారే. ఇప్పుడెట్ల?" అన్నాడు.

పూడ్చేదే అయినా ఆనవాయితీకి ఇచ్చిన నిప్పుకుండ చేతిలో పట్టుకుని నేను నవ్వాను. నన్ను చూసి మా చిన్నాన్న నవ్వాడు. ఆ తర్వాత అందరం నవ్వాం. పెన్నేటి ఇసకలో గుంత తవ్వుతున్నవాళ్ళు, వీళ్ళు ఇంకా రాలేదేమని గట్టెక్కి చూస్తే, పాడె చుట్టూ నిలబడి కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్న మనుషులు కనబడ్డారట.

ఆ సగం మాట గురించి చెప్పాలి. పెద్దమ్మ ఎవరింటికి పోయినా కూర్చునేది కాదు. గడప ఇవతలే నిలబడి, ఎడమచెయ్యి ద్వారబంధానికి ఆనించి, "నిలబడే వచ్చినా, పోతాండా" అనేది. వస్తూనే పోతున్నానని చెప్పే మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. మంచినీళ్ళు ఇస్తే రెండు గుటకలు తాగి, మిగిలినవి వాకిట్లో ఏ మొక్క మొదట్లోనో పోసేది. మొక్క లేని ఇల్లయితే చెంబు తిరిగి ఇచ్చేది కాదు. అట్లాగే పట్టుకుని మాట్లాడి, పోతూ పోతూ వీధిలో మొక్క దొరికిన చోట పోసి, చెంబు ఎవరితోనో వెనక్కి పంపేది. ఎత్తుకున్న విషయం పూర్తయ్యేలోపలే ఆమెకు పోవలసిన వేళ అయిపోయేది. వాక్యం మధ్యలో వెనుదిరిగేది. నెలలు గడిచి మళ్ళీ వచ్చినప్పుడు అదే ద్వారబంధానికి అదే చెయ్యి ఆనించి, "అందుకని నేనేమంటి, ఆ మేకను అమ్మొద్దు, తోలకపో అంటి" అని వదిలేసిన చోటినుంచే అందుకునేది. ఏ మేక, ఎవరి మేక అని అడిగితే నొచ్చుకునేది.

జమ్మలమడుగులో మగ్గం నేసుకునే ఇంటి ఇల్లాలు ఒకామె, ఆ మేక సంగతి తేలక ఎండాకాలమంతా చూసి, ఉండబట్టలేక భర్తను ప్రొద్దుటూరుకు పంపింది. ఆయన మా వాకిట్లో నిలబడి, "మేక ఏమాయ పెద్దమ్మా?" అని అడిగాడు.

పెద్దమ్మ బయటికి వచ్చి ఆయన్ను పైనుంచి కిందికి చూసింది. "నీకు చెప్తే సగం మర్సిపోయి సగం చెప్తావు. నేనే వస్తాలే పో" అని పంపేసింది.

రైలంటే ఆమెకు గిట్టేది కాదు. "రైలు దానికి నచ్చినకాడ ఆగుతాది. మనకు నచ్చినకాడ ఆగదు. దానికి శానా పొగురు" అనేది. బస్సంటే ప్రాణం. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు, ముద్దనూరు మీదుగా పులివెందులకు అప్పట్లో ఒక ప్రైవేటు బస్సు తిరిగేది. ఎండలో అది నాలుగు మైళ్ళు పోతే ఇంజను నీళ్ళు అడిగేది. పెద్దమ్మ కిటికీలోంచి చెయ్యి చాపి రేకు మీద అరచేత్తో చరిచేది. ఆ చప్పుడు వినగానే డ్రైవరు ఆపేవాడు. ఆమె దిగి ఊర్లోకి పోయి వచ్చేలోపల ఆయన ఇంజనుకు నీళ్ళు పోసుకునేవాడు. ఆయమ్మ బస్సెక్కని రోజు ఇంజను కాలిపోతుందని ఆయన నమ్మకం.

ఊరూరా ఎందుకు దిగుతావని నేను చాలాసార్లు అడిగాను. కూర్చుంటే మోకాళ్ళు పట్టుకుంటాయని ఒకసారి అంది. బస్సుకు ఆయాసమని ఒకసారి అంది. "ఊరి ముందర పోతా ఊర్లోకి తొంగి చూడకుండా పోతే దొంగోళ్ళు పోయినట్టుంటాది నాయనా" అని ఇంకోసారి. మూడూ నిజమే అయ్యుండవచ్చు.

ఆమె మా అమ్మకు అక్క. లోకం తెలియని వయసులో పెళ్ళి చేశారు, తెలిసేలోపల భర్త పోయాడు. అప్పటినుంచి మా తాత ఇంట్లో, తాత పోయాక మా ఇంట్లో ఉంది. ఆమెను ఏ ఊరికి ఇచ్చారో ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. నన్ను ఎత్తుకుని తిప్పింది ఎక్కువగా ఆమే. తిప్పింది అంటే మామూలు మాట కాదు, నాకు నడక వచ్చేలోపల ప్రొద్దుటూరులో ప్రతి గడపా నాకు తెలుసు, ఒక్క ఇంటి లోపలి గోడా తెలియదు.

ఇంక నా పెళ్ళి సంగతి. కర్నూల్లో డేరాలు వేసి రాజధాని పెట్టిన రోజులవి. పులివెందుల పిల్లను చూశారు. లగ్నం సాయంత్రం గోధూళి వేళకు కుదిరింది. పొద్దున్నే ప్రొద్దుటూరులో బయల్దేరితే మధ్యాహ్నానికి పులివెందుల చేరి, స్నానాలు చేసి, ఒక నిద్ర తీసి లేవవచ్చునని లెక్క. ఆ బస్సునే మాట్లాడారు. పెద్దమ్మ రావాలా వద్దా అని మా చుట్టాల్లో గుసగుసలు నడిచాయి. పసుపు కుంకుమ లేని మనిషి పెళ్ళిబస్సులో ఎందుకని ఒకరిద్దరు మా నాయన చెవిన వేశారు.

"ఆమె ఎక్కకపోతే ఆ బస్సు కదల్దు. డ్రైవరే చెప్పినాడు" అన్నాడు నాయన.

పెద్దమ్మ తన షరతులు తనే చెప్పింది. "నేను ఎనక సీట్లో కూర్చుంటా. ఎదురుకోళ్ళప్పుడు దిగను. పొయ్యి దగ్గరికీ పందిట్లోకీ రాను. సరేనా? ఇంగ పదండి."

పదిళ్ళు దాటకముందే రేకు మీద చెయ్యి పడింది. నూనెగానుగ వాళ్ళ ఇల్లు. అబ్బోని పెండ్లికి పోతూ చెప్పకుండా ఎట్ల పోతామంది. ఊరు దాటేలోపల ఇంకా రెండుమూడు ఇళ్ళు వచ్చాయి. ఆ తర్వాత దారిలో ఒక పల్లె దగ్గర దిగి, ముందు రోజే మనిషి పోయిన ఇంటికి వెళ్ళింది. పెళ్ళివాళ్ళు చావింటికి పోరాదని మా అమ్మ బతిమాలింది.

"మీరు పోగూడదు. నాకేం దోషం?" అని వెళ్ళింది. మేళగాళ్ళు వాయించడం ఆపి, టాపు మీద తలలు వంచుకుని కూర్చున్నారు. పెద్దమ్మ ఆ ఇంటి ముందు నిలబడి బాగానే ఏడ్చింది. మాకు బస్సులోకి వినబడింది. కళ్ళు తుడుచుకుంటూ వచ్చి ఎక్కి, పైకి తల ఎత్తి, "ఇంగ వాయించండప్పా" అంది.

ఏ ఇంటికీ ఉత్త చేతులతో పోయేది కాదు, ఏ ఇంటినుంచీ ఉత్త చేతులతో వచ్చేది కాదు. గానుగవాళ్ళిచ్చిన తెలకపిండి బర్రె ఉన్న ఇంట్లో ఇచ్చింది. వాళ్ళిచ్చిన గుమ్మడికాయ జమ్మలమడుగులో మగ్గమామెకు ఇచ్చింది. మగ్గమామె గుమ్మడికాయ పక్కన పెట్టి మేక సంగతి అడిగింది. పెద్దమ్మ చెప్పడం మొదలుపెట్టి, డ్రైవరు హారను కొట్టేసరికి మళ్ళీ సగంలో వచ్చేసింది. ఆమె ఇచ్చిన కోడిపెట్టను ఒళ్ళో పెట్టుకుని ఎక్కింది.

జమ్మలమడుగు దాటి చాలా దూరం పోయాక రోడ్డు వారగా ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఒంటి నిండా దుప్పటి కప్పుకున్నాడు. పెద్దమ్మ బస్సు ఆపించింది.

"యాడికి పోవల్ల తాతా?"

ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఆఁ" అన్నాడు.

"పులివెందలకా?"

"ఆఁ" అన్నాడు.

"పాపం ఎండలో కూర్చోనుండాడు. ఎక్కించుకో నాయనా" అంది. కండక్టరూ మా చిన్నాన్నా ఆయన్ను రెక్కలు పట్టి ఎక్కించారు. ఆయన అడ్డు చెప్పలేదు. ఎందుకని కూడా అడగలేదు.

ముద్దనూరు రైల్వే గేటు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. గేటు వేసి ఉంది. డ్రైవరు దిగి టవలు నేలకేసి కొట్టాడు. "ఇంగ పులివెందల దాకా నేను ఆపేది లేదు. ఎవరు చరిచినా ఆపేది లేదు. దేవుడు చేయెత్తినా ఆపేది లేదు" అని అందరికీ వినబడేలా చెప్పాడు. గూడ్సు బండి తీరిగ్గా వచ్చింది. నేను తలపాగా, జరీ ఉత్తరీయం సీటు మీద పెట్టి దిగి, పక్కనున్న తుమ్మచెట్ల వెనక్కి వెళ్ళాను.

ఆ తర్వాత బస్సులో ఏం జరిగిందో నాకు పెళ్ళయ్యాక తెలిసింది. వెనక సీట్లో అప్పటిదాకా పడిన కుదుపులకు విసిగి ముసలాయన లేచి ముందుకు వచ్చాడు. కిటికీ పక్కన ఖాళీ సీటు కనబడింది, అది నాది. కూర్చున్నాడు. నెత్తిన ఎండ పడుతుంటే పక్కనున్న తలపాగా పెట్టుకున్నాడు. ఉత్తరీయం మీద కప్పుకుని నిద్రపోయాడు. గేటు లేచింది. మా నాయన వెనక్కి తిరిగి, "పెండ్లికొడుకు ఎక్కినాడా?" అని అడిగాడు. ఎవరో తలపాగా చూసి, "కూర్చున్యాడు, నిద్రపోతాండాడు, లేపొద్దు" అన్నారు.

నేను తుమ్మచెట్ల వెనకనుంచి వచ్చేసరికి దుమ్ము మిగిలింది. కొంతదూరం పరిగెత్తాను. బుగ్గన చుక్క, కాళ్ళకు పారాణి, నడుమున పెండ్లిపంచె. గేటుమేను గుడిసెలోంచి వచ్చి చూసి, "ఏందప్పా, పెండ్లి వద్దని దిగేసినావా?" అన్నాడు. కాదు, మరిచిపోయి పోయారన్నాను. ఆయన చాలాసేపు ఆలోచించాడు. "పెండ్లికొడుకును మర్సిపోతే ఇంగ దేన్ని గుర్తుపెట్టుకోని పోయినారు?" అని అడిగాడు.

ఆ రోజుల్లో పులివెందుల వైపునుంచి ముగ్గురాయి లారీల్లో ముద్దనూరు స్టేషనుకు వచ్చేది. తెల్లటి రాయి, ముట్టుకుంటే పొడి రాలేది. రాయి దించి ఖాళీగా తిరిగి పోతున్న లారీ ఒకటి ఆపి డ్రైవరుకు నా కథ చెప్పాను. ఆయన ఒక సాయిబు, గడ్డం నెరిసినవాడు. నమ్మలేదు. పారాణి చూపించాను.

"నా సర్వీసులో రాయి మోసినా, గొర్రెల్ని మోసినా. పెండ్లికొడుకును మోయల్యా" అన్నాడు. "ముందర సీట్లో టైరుంది. ఎనక ఎక్కు."

వెనక నిలబడ్డాను. రోడ్డు గుంతలు పడినప్పుడల్లా లారీ అడుగునున్న పొడి లేచి నా మీద పడింది. తొండూరు చేరేసరికి బుగ్గన చుక్క లేదు, పంచె అంచు లేదు, మీసం లేదు. అంతా ఒకటే తెలుపు.

అప్పటికి బస్సు పులివెందుల చేరి ఎదురుకోళ్ళు మొదలయ్యాయి. ఊరి బయట మా మామ, అంటే పెళ్ళికూతురి తండ్రి, పానకం చెంబుతో వచ్చాడు. పెళ్ళికొడుకు ఇంకా సీట్లోనే తల వంచుకుని ఉండటం చూసి, సిగ్గరి అనుకుని ముచ్చటపడి, కిటికీలోంచే దండ వేశాడు. చెంబు అందించాడు. లోపలినుంచి రెండు చేతులు వచ్చి చెంబు అందుకున్నాయి. అంతా తాగాక తలపాగా కింద తెల్ల మీసం పైకి లేచింది.

"ఇంగొంచెం పొయ్యి నాయనా" అన్నాడు ముసలాయన. ఆ రోజంతా ఆయన అడక్కుండా అన్న మాట అదొక్కటే.

మా మామ చెంబు కింద పడేశాడు. "మా బిడ్డకు ఈయప్పనా తెచ్చింది?" అన్నాడు. ఆయన వెంట వచ్చినవాళ్ళు మీదికొచ్చారు, ఒకరిద్దరు కట్టెల కోసం చూశారు. పెళ్ళికొడుకు ముసలివాడన్న మాట ఇళ్ళలోకి పాకిపోయింది. పక్కింటామె పరిగెత్తి పెళ్ళికూతురి దగ్గరికి వెళ్ళి, "నీ మొగునికి పండ్లు కూడా లేవంట" అని చెప్పింది. పెళ్ళికూతురు తల దించుకునే, "అయితే సంగటి మెత్తగా చేస్తే చాలు" అందట. ఆ మాట నాకు తర్వాత ఎవరు చెప్పినా, చెప్పిన ప్రతిసారీ ఆమె మీద గౌరవం కొంచెం పెరుగుతూ వచ్చింది.

మా నాయన, మామ ఒకరి కండువా ఒకరు పట్టుకున్నారు. మావాడు యాడో దిగినాడు, వస్తాడని నాయన. పారిపోయినోడు వస్తాడా అని మామ. ఈ గలాటాలో, ఎదురుకోళ్ళప్పుడు దిగనని మాట ఇచ్చిన మనిషి బస్సు వెనక తలుపునుంచి దిగి, కోడిపెట్టను కండక్టరు చేతిలో పెట్టి, వచ్చిన దారినే వెనక్కి నడవడం మొదలుపెట్టింది. ఎవరూ చూడలేదు. పెళ్ళిలో అట్లాంటి మనిషి కనబడకపోతే ఎవరూ వెతకరు.

మా లారీ పులివెందులకు ఇంక కొద్ది మైళ్ళుందనగా, రోడ్డు నడిమధ్య ఒక తెల్లటి ఆకారం రెండు చేతులూ చాపి నిలబడింది. ఆ దారిన పోయిన రాయిలారీలన్నీ ఆమె మీద పొడి చల్లిపోయాయి. సాయిబు బ్రేకు తొక్కి, "యా అల్లా" అన్నాడు. నేను క్యాబిన్ మీదినుంచి తల పెట్టి చూశాను. చెప్పులు లేవు. ముఖం తెలియలేదు గాని, ఎడమచెయ్యి ఆనించడానికి ద్వారబంధం లేక గాల్లో వెతుక్కుంటున్న తీరు చూసి గుర్తుపట్టాను.

"పెద్దమ్మా" అన్నాను.

ఆమె దగ్గరికి వచ్చి తల ఎత్తి నన్ను చూసింది. "ఎంత తెల్లగయినావురా" అంది. "పద, నీ మామ కట్టె ఎత్తకోని ఉండాడు."

టైరు నా పక్కకు వచ్చింది. పెద్దమ్మ సాయిబు పక్కన కూర్చుంది. పొద్దు వాలుతోంది. లారీ కదిలి రెండు మలుపులు తిరిగిందో లేదో, రేకు మీద అరచేతి చప్పుడు వినబడింది.

"ఏందమ్మా?" అన్నాడు సాయిబు.

"ఒక్క నిముసం ఆపు నాయనా. ఈ ఊర్లో ఒక ఇల్లుంది."

"లగ్నం దాటిపోతాదమ్మా."

"నిలబడే వస్తా."

ఆయన వెనక్కి తిరిగి నా వైపు చూశాడు. ఆపాడు.

రోడ్డుకు ఆనుకునే ఉంది ఆ ఇల్లు. మిద్దె ఒక పక్క కూలింది. వాకిట్లో కంప మొలిచింది. తలుపుకు తాళం, తాళానికి తుప్పు. పెద్దమ్మ కంప తప్పించుకుంటూ పోయి, గడప ఇవతల నిలబడి, ఎడమచెయ్యి ద్వారబంధానికి ఆనించింది. "నిలబడే వచ్చినా, పోతాండా" అని తలుపుతో చెప్పింది. కొద్దిసేపు నిలబడి వచ్చి ఎక్కింది.

"ఎవరూ లేరు గదమ్మా ఆడ" అన్నాడు సాయిబు.

"నా అత్తగారిల్లు" అంది పెద్దమ్మ. "ఈ దోవన వస్తా పోతా ఎప్పుడూ ఆగుతా. మద్యాన్నం బస్సోడు ఆపల్యా. ఇందాక నేనే ఆగల్యా, వీనికోసరం పోతాంటి. రెండు మాట్లు ఇంటి ముందరే పోతి, ఏమనుకోనింటారు?"

"ఎవరనుకుంటారమ్మా? మనుషులుంటే గదా."

"మనుషులున్నప్పుడు కూడా అంతేలే. నన్ను కాపురానికి పిల్చేలోపల ఆయప్ప పాయ. ఒగ మాటు నేనే వస్తే, గడప తొక్కొద్దనిరి. సరే, నిలబడే వచ్చినా అంటి. పోనీ నాయనా, పొద్దుపోతాంది."

సాయిబు గేరు వేశాడు. ఆ తర్వాత రెండు మైళ్ళు ఆయన గుంతలన్నీ తప్పించి నడిపాడు. నేను వెనక టైరు మీద కూర్చున్నాను. పుట్టినప్పటినుంచి ఆమె చంకలో పెరిగాను. ఆమె ఏ ఊరి కోడలో అప్పుడు తెలిసింది.

పులివెందుల ఇళ్ళు కనబడగానే మళ్ళీ రేకు మీద చెయ్యి పడింది.

"ఈడ ఆపు సాయిబూ, నేను దిగి ఎనకమాలు నడిచొస్తా. పెండ్లికొడుకు బండిలో నేను ముందర రాగూడదు."

లారీ ఆగలేదు.

"ఆపమంటే అర్థం కాల్యా?"

"బ్రేకు పడల్యా అమ్మా" అన్నాడు సాయిబు.

"ఇందాక పడె గదా."

"ఇందాక పడె. ఇప్పుడు పడల్యా."

ఆయన ముఖం నాకు కనబడలేదు గాని గొంతులో ఏ తొందరా లేదు. పెద్దమ్మ ఇంకా రెండుసార్లు చరిచింది. ఆమె జీవితంలో ఒక బండి ఆమె మాట వినకపోవడం ఆ రోజు అది రెండోసారి. లారీ బజారు దాటి, మలుపు తిరిగి, మామిడాకుల తోరణం కింద, పందిరి గుంజకు జానెడు దూరంలో బ్రహ్మాండంగా బ్రేకు పడి నిలిచింది. దాని వెనకే వచ్చిన తెల్లటి పొడి పందిరి మొత్తాన్నీ కప్పింది. ఏ బండి వచ్చి ఆగినా వాయించమని మేళగాళ్ళకు చెప్పి ఉంచారట. వాళ్ళు వాయించారు. ఆ పొడిలో మా అత్త, పెళ్ళికూతురి తల్లి, హారతి పళ్ళెంతో ముందుకు వచ్చింది.

క్యాబిన్ తలుపు ముందు తెరుచుకుంది. పెద్దమ్మ దిగింది. చుట్టూ మేళం, మనుషులు, ఎదురుగా హారతి. పక్కకు తప్పుకుందామంటే ఒక వైపు లారీ, ఒక వైపు గుంజ. నెత్తినుంచి పాదం దాకా తెల్లగా, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియకుండా నిలబడింది. మా అత్త ఆమె చుట్టూ హారతి తిప్పింది. వేలితో కుంకుమ తీసి, ఆ తెల్లటి నుదుటి మధ్య బొట్టు పెట్టింది.

మేళం ఆగిపోయింది. నేను అప్పుడే వెనకనుంచి దూకాను. మా అత్త నా వైపు చూసి, "ఇంగొకరు ఉండారా?" అని, నాకూ తిప్పి బొట్టు పెట్టింది.

"దుమ్ములో కనబడల్యా పాపం" అని ఎవరో అన్నారు. ఆ మాట అందరికీ అక్కరకు వచ్చింది. అవును, దుమ్ములో ఏం కనబడుతుందని అందరూ అనుకున్నారు. మా మామ కట్టె గుంజకు ఆనించి నా ముఖం తన కండువాతో తుడిచి, కింద పడుచువాడున్నాడని నిర్ధారించుకున్నాడు. పొద్దు గుంకింది, గోధూళి దాటిందా లేదా అని పెద్దలు అయ్యవారిని అడిగారు. ఆయన కళ్ళు నలుపుకుంటూ, "గోధూళి అంటే ఆవులు లేపిన దుమ్ము. ఆవులు లేపితేనేం, లారీ లేపితేనేం? దుమ్ము ఇంకా అణగలేదు గదా, కూర్చోబెట్టండి" అన్నాడు. అట్లా నా పెళ్ళి జరిగింది. సాయిబు ఉండి భోంచేసి, టైరు వేసుకుని వెళ్ళిపోయాడు.

ముసలాయన పెళ్ళి భోజనం రెండు బంతులు చేశాడు. మెడలో దండ తీయనివ్వలేదు. మరునాడు తిరుగు ప్రయాణంలో పెద్దమ్మ ఆయన్ను ఎక్కించుకున్న చోటే దింపితే, ఇంట్లోంచి మనుషులు పరిగెత్తుకొచ్చారు. ఆయన ఎక్కడికీ పోవడానికి కూర్చోలేదు. ఎండ కాచుకుందామని తన ఇంటి ముందు తను కూర్చున్నాడు. నిన్నటినుంచి వాళ్ళు బావులు వెతుకుతున్నారట. పెద్దమ్మకు ఇందులో తప్పేమీ కనబడలేదు. "పులివెందలకా అంటే ఆఁ అన్యాడు గదా" అంది.

పెళ్ళిరోజు సాయంత్రమంతా ఆమె పందిరి బయట గోడవారన, మాట ఇచ్చినట్టే, దూరంగా ఉంది. బొట్టు తుడుచుకోలేదు. తుడుచుకోమని ఎవరూ చెప్పలేదు. మా అమ్మ ఒకసారి తడిగుడ్డ పట్టుకుని ఆమె దగ్గరికి పోయి, కాళ్ళు మాత్రం తుడిచి వచ్చింది. తెల్లవారి స్నానం చేసినప్పుడు ముగ్గురాయి పొడితో పాటు అదీ పోయింది.

పెద్దమ్మను పూడ్చి వచ్చిన రోజు, ఇంటి ముందు కాళ్ళు కడుక్కుంటూ నా భార్యతో ఈ సంగతి ఎత్తాను. ఆ రోజు దుమ్ములో మీ అమ్మ పొరపాటు పడకపోతే ఆమె నుదుట ఎన్నటికీ బొట్టు పడేది కాదు గదా అన్నాను.

నా భార్య చెంబుతో నీళ్ళు పోస్తూనే ఉంది.

"మా యమ్మకు సూపు శానా బాగుండె" అంది. "పోయిన ఏడు కూడా సూదిలో దారం తనే ఎక్కిచ్చుకునె."